శ్రుతి పెట్టె పాడైతే ఫోనుతో నెట్టుకురావచ్చు

కందుకూరు అన్నా, కచేరీలో ఆధార స్వరం ఆగకుండా పలికే శ్రుతి పెట్టె పాడైంది, ఆదివారం గుళ్లో కచేరీ, పైసా పెట్టకుండా ఫోన్‌లో పనయ్యే యాప్ చెప్పమన్నారు కదా. ఆండ్రాయిడ్ అయితే తాన్‌పూరా డ్రాయిడ్ వేసుకోండి, ఉచితమే. ఇలాంటి యాప్‌లలో మామూలుగా ఇంగ్లిషు స్వరాల పేర్లే ఉంటాయి కాబట్టి గుర్తుంచుకోండి: ఒకటి శ్రుతి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, ఐదు జి, ఐదున్నర జి షార్ప్. వయొలిన్ సరిచూసుకోవడానికి సౌండ్‌కార్సెట్ యాప్ చాలు, లయ తప్పకుండా టిక్ టిక్ మని కొట్టే మెట్రోనోమ్ కూడా అందులోనే ఉంది.

అసలు తిప్పలు యాప్‌తో కాదు, ఫోన్‌తో. పోయినేడు పెన్నా ఒడ్డున ఒక గుళ్లో వర్ణం మధ్యలో నా ఫోన్ మోగి శ్రుతి ఆగిపోయింది, ఎత్తితే లోన్ కావాలా అని! మృదంగం ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు. అందుకే ముందు ఫ్లైట్ మోడ్, ఆ తర్వాత బ్యాటరీ సేవర్ ఆపేయండి, లేకపోతే స్క్రీన్ ఆరగానే యాప్ కూడా ఆగిపోవచ్చు. ఫోన్ స్పీకర్ గుళ్లో వినపడదు, మైక్‌సెట్ అతన్ని అడిగి వైరుతో మిక్సర్‌కి కలపండి. బ్లూటూత్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, శ్రుతికి ఫర్వాలేదు గానీ మెట్రోనోమ్‌కి మాత్రం వద్దు.