2147483647 ప్రధాన సంఖ్యేనా అని తేల్చాలంటే

చి. మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

2147483647 ప్రధాన సంఖ్య అని చదివి ఊరుకోకుండా, సొంతంగా తేల్చుకోవాలనుకున్నావు. చాలా సంతోషం.

ఇది 2 ఘాతం 31లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది. వర్గమూలం 46340 పైచిలుకు, కాబట్టి అంతవరకు భాగించి చూస్తే చాలు. అయితే 2, 3, 5 అంటూ మొదలుపెట్టకు. అసలు దీన్ని భాగించే అవకాశం వేటికుందో ముందు చూడు. క అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకో. 2 ఘాతాలను క తో భాగిస్తూ పోతే శేషం 1 మొదటిసారి వచ్చేది 31వ ఘాతం దగ్గరే, ఎందుకంటే 31 కూడా ప్రధానమే. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం (క-1)వ ఘాతానికీ శేషం 1 వస్తుంది. అందుకే క-1ని 31 భాగించాలి. క బేసి గనుక 62 కూడా భాగించాలి. పైగా 2 ఘాతం 16ని వర్గం చేస్తే క తో శేషం 2 వస్తుంది. అంటే 2 ఇక్కడ వర్గశేషం, కాబట్టి క ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవే పనికొస్తాయి. 46340 లోపు అవి 373 మాత్రమే! వాటిలో మొదటి ప్రధాన సంఖ్య 311. దాంతో భాగిస్తే శేషం 35. ఇది ప్రధానమేనంటూ 1772లో వెలువడిన గణితవేత్త ఆయిలర్ ఫలితం ఈ 248 దారిలో వచ్చిందే. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

జావాలో రాస్తే ఒకచోట జాగ్రత్త. అక్కడ పూర్ణసంఖ్యలకు వాడే ఇంట్ (int) రకంలో పట్టే అతి పెద్ద విలువ సరిగ్గా ఇదే. భాగించి చూసే సంఖ్య ఐ అనుకో. లూప్ షరతుగా "ఐ ఇంటూ ఐ, ఈ సంఖ్యకు మించకూడదు" అని రాశావంటే ఆ షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. 46340 దాటగానే లబ్ధం పొంగి రుణ సంఖ్య అవుతుంది, లూప్ సాగుతూనే ఉంటుంది. చివరికి సంఖ్యను దానితోనే భాగించి "ప్రధానం కాదు" అంటుంది. సంఖ్యను ఐతో భాగించి, ఆ భాగఫలాన్ని ఐతో పోల్చు.

రెండో దారి లూకా-లేమర్ పరీక్ష, 2 ఘాతంలో ఒకటి తక్కువైన ఇలాంటి సంఖ్యలు ప్రధానాలో కావో తేల్చేది. ముందు 127 మీద చేతితో చెయ్యి. 127 అంటే 2 ఘాతం 7లో ఒకటి తక్కువ. 4తో మొదలుపెట్టి, వర్గం కట్టి, 2 తీసేసి, 127తో శేషం ఉంచుకో. ఇలా అయిదుసార్లు, అంటే 7 కంటే రెండు తక్కువ: 14, 67, 42, 111, 0. సున్నా వచ్చిందంటే ప్రధానమే. శేషానికి భాగహారం అక్కర్లేదు. 67 వర్గంలో 2 పోతే 4487. అందులో 128లు 35, మిగిలింది 7, కూడితే 42. ఆఖరి మెట్టులో 12319 వస్తుంది. 96, 31 కూడితే 127. అది సున్నాతో సమానం, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

తర్వాత 2047 మీద, అంటే 2 ఘాతం 11లో ఒకటి తక్కువ మీద, ప్రోగ్రాము నడుపు. తొమ్మిదో మెట్టులో సున్నా కాక 1736 రావాలి, ఎందుకంటే 2047 ప్రధానం కాదు, 23 ఇంటూ 89. "కాదు" అనాల్సిన చోట అనని ప్రోగ్రామును నమ్మకు. మన సంఖ్యకు 29 మెట్లు, జావాలో ఇంట్ కంటే పెద్దదైన లాంగ్ (long) రకం సరిపోతుంది. ఘాతం 61కి వెళ్తే వర్గానికి 122 బిట్లు కావాలి, అప్పుడు పైథాన్‌లో రాసుకో.

ఇట్లు,
మామయ్య