గ్యాస్ మాత్ర ఆపగానే అల్సర్ మళ్ళీ వస్తోందంటే

మీ నాన్నగారికి ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనబడింది, గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ వాడినన్నాళ్ళూ బాగుండి ఆపగానే మంట వస్తోంది, కారం మానేస్తే చాలా అని అడిగారు. చాలదు. కారం మంటను రేపుతుంది గానీ పుండు పెట్టదు. చాలామందిలో పుండుకు కారణం హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా, లేదంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. గ్యాస్ మాత్ర యాసిడ్‌ను తగ్గిస్తుందంతే, కారణం అక్కడే ఉంటుంది.

ముందు మోకాళ్ళ నొప్పికి ఏం మింగుతున్నారో చూడండి, మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునేవి సహా. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపొద్దు.

రిపోర్టులో పైలోరీ నెగటివ్ అని ఉందన్నారు. ఆ రోజుల్లో పాంటాప్రజోల్ వాడుతున్నారా? అయితే ఆ నెగటివ్‌ను నమ్మలేం. యాసిడ్ తగ్గితే బ్యాక్టీరియా పలచబడి పరీక్షకు దొరకకపోవచ్చు. పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. డాక్టరు సరేనంటే పాంటాప్రజోల్ 2 వారాలు, యాంటీబయాటిక్స్, బిస్మత్ (పుండుకు వాడే మందు) 4 వారాలు ఆపి, యూరియా బ్రెత్ టెస్ట్ (ఊపిరి ఊదించి చేసే పరీక్ష) గానీ మలంలో యాంటిజెన్ (బ్యాక్టీరియా ఆనవాలు) పరీక్ష గానీ చేయించండి. రక్తంలో యాంటీబాడీ (బ్యాక్టీరియా మీద ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థం) పరీక్షకు డబ్బు దండగ. బ్యాక్టీరియా పోయాక కూడా ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు.

పాజిటివ్ వస్తే సాధారణంగా 14 రోజుల కోర్సు: పాంటాప్రజోల్ రోజుకు రెండుసార్లు, దానితో బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకాలు పెరగడంతో, అది ఉండే పాత మూడు మందుల కోర్సు తరచూ విఫలమవుతోంది. పాంటాప్రజోల్ తిండికి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేస్తే అంత బాగా పనిచేయదు. టెట్రాసైక్లిన్‌ను పాలతో, మజ్జిగతో మింగితే కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది, 2 గంటల ఎడం ఉండాలి. మెట్రోనిడజోల్‌తో నోరు చేదుగా, లోహం రుచిగా ఉంటుంది. ఆ రోజుల్లో మద్యం పూర్తిగా బంద్. ఐదో రోజుకే హాయిగా ఉందని ఆపేస్తే, మిగిలిన బ్యాక్టీరియా మందులకు అలవాటుపడి మొండికేస్తుంది.

కోర్సు అయిన 4 వారాల తర్వాత మళ్ళీ అదే పరీక్ష, అప్పుడూ 2 వారాలు పాంటాప్రజోల్ లేకుండా. పుండు డుయోడినమ్‌లో (చిన్నపేగు మొదటి భాగంలో) కాకుండా జీర్ణాశయంలోనే ఉంది కాబట్టి, పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారా అని అడగండి. డాక్టరు 8–12 వారాలకు మళ్ళీ ఎండోస్కోపీ అడిగితే విసుక్కోవద్దు, క్యాన్సర్ కొన్నిసార్లు మామూలు పుండులాగే కనబడుతుంది.

బిస్మత్‌తో నాలుక, మలం నల్లబడతాయి, కంగారు వద్దు. మలం తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉన్నా, కళ్ళు తిరిగినా, వాంతి కాఫీ పొడిలా ఉన్నా, ఉన్నట్టుండి కడుపు చెక్కలా బిగుసుకుపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.