ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) వేసినా పాత విండోస్ గేమ్ ఎందుకు తెరుచుకోదు?

చాలాసార్లు కారణం ఒకటే: ప్యాకేజీగా దిగిన వైన్ 64 బిట్‌ది, గేమ్ 32 బిట్‌ది. వైన్‌తోపాటే వచ్చే పీకేజీ32 స్క్రిప్టుతో 32 బిట్ వైన్‌నూ, మెసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్లనూ వేయండి. ఆ స్క్రిప్టును రూట్‌గా (అడ్మిన్ ఖాతాతో) కాదు, గేమ్ ఆడే యూజర్‌గానే నడపాలి. ఆ ఫైళ్లు వెళ్లేది మీ హోమ్ డైరెక్టరీలోకే. అందుకే మామూలు అప్‌గ్రేడ్ వాటిని తాకదు. తర్వాత 64 బిట్, 32 బిట్ వైన్‌ల వెర్షన్లు కలవక వైన్ మొరాయిస్తుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అదే స్క్రిప్టుతో వాటినీ అప్‌గ్రేడ్ చేయాలి.

గేమ్ తెరుచుకున్నా నత్తనడకే అయితే గ్రాఫిక్స్ చూడండి. ఇంటెల్, ఏఎండీ కార్డులకు డీఆర్ఎం కేమాడ్ అనే కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ల ప్యాకేజీ వేసి, మీ కార్డు డ్రైవర్ బూట్‌లోనే లోడయ్యేలా ఆర్‌సీ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో రాయాలి. యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చాలి. కెర్నల్ స్థాయి యాంటీ చీట్ (మోసాన్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) ఉన్న ఆన్‌లైన్ గేములపై మాత్రం ఆశ వదులుకోండి.