గుమ్మడికాయకి 7,200: చందా పుస్తకం పక్కన పెట్టి వేలంపాట పెట్టండి

అడిగిన ప్రశ్న ఇది: "మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురికి నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టాలనుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపులో పెడితే దణ్ణం బొమ్మలు బోలెడొచ్చాయి గానీ డబ్బులు వేసింది నలుగురే. జనం హుషారుగా ఇచ్చేలా, కాస్త వింతగా ఏదైనా చేసినవాళ్ళున్నారా?"

వేలంపాట పెట్టండి. నా దగ్గర రెండో సమాధానం లేదు.

మిగతావి కూడా చూశాను లెండి. ఏదో జబ్బు మీద అవగాహన కోసమని హైదరాబాద్‌లో 5కే రన్ పెడితే 800 కట్టి పరిగెత్తాను. ఆ 800లోనే టీషర్టు, మెడల్, అరటిపండు, నీళ్ళ సీసా, స్టేజి, స్టేజి మీద ఎగిరే జుంబా మాస్టారు, నెత్తి మీద ఎగిరే డ్రోను. ఇవన్నీ పోగా జబ్బుపడ్డవాళ్ళకి ఎంత చేరిందో ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేదు. ఆ టీషర్టుతో బండి తుడుస్తున్నాను. గుడ్డ మంచిదే, నీళ్ళు బాగా పీలుస్తుంది.

ఇంగ్లండులో కెప్టెన్ టామ్ మూర్ నడవలేదా అని కింద ఎవరో ఒకరు అడుగుతారు, అందుకని ముందే చెప్తున్నా. ఆయన సంగతి వేరు. 2020 లాక్‌డౌన్‌లో, నూరో పుట్టినరోజు లోపల, వాకర్ పట్టుకుని ఇంటి తోటలో 100 సార్లు నడుస్తానన్నాడు. 1,000 పౌండ్లొస్తే చాలనుకుంటే 3 కోట్ల 20 లక్షల పౌండ్లు దాటిపోయింది. ఆ డబ్బు అక్కడి ఆసుపత్రుల సేవాసంస్థలకి సవ్యంగానే చేరింది. తర్వాత ఆయన పేరు మీద పెట్టిన ఫౌండేషన్‌లో కుటుంబం సొంత లాభం చూసుకుందని 2024లో సేవాసంస్థల లెక్కలు చూసే చారిటీ కమిషన్ తలంటింది, అది వేరే కథ. ఇంతకీ నేను అడిగేదేమిటంటే, మీ అపార్ట్‌మెంట్‌లో 99 ఏళ్ళ యుద్ధవీరుడు ఉన్నాడా? లేడు కదా. ఇక వదిలెయ్యండి.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ జోలె నిండాలంటే పట్టినవాడు రామారావు అయ్యుండాలి. మీరూ నేనూ పడితే "ఏ ఫ్లాటండీ మీది?" అని అడుగుతారు.

సరే, పాట సంగతికొస్తా.

మాది పల్నాడు వైపు పల్లెటూరు. మా అమ్మ తరఫువాళ్ళంతా లూథరన్లు. సంక్రాంతి వెళ్ళి, నూర్పిళ్ళయి, చేతిలో నాలుగు గింజలు ఆడే రోజుల్లో చర్చిలో కోతపండగ చేస్తారు. ప్రథమఫలమని ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు: కొత్తబియ్యం, ఎండుమిరపకాయలు, కందులు, అరటిగెల, కోడిపెట్ట, మేకపిల్ల, పెరట్లో పాదుకి కాసిన సొరకాయ. పొలం లేనివాళ్ళు పిండివంట పట్టుకొస్తారు. ఆరాధన అయ్యేసరికి లోపల చిన్న సంత తయారవుతుంది. అయ్యగారు ప్రార్థన చేశాక అవన్నీ బయట వేపచెట్టు కిందికి మోసి, బల్ల వేసి, పాట పెడతారు. వచ్చిన డబ్బు మామూలుగా చర్చికి వెల్లలకో, మైకుసెట్టు మరమ్మతుకో పోతుంది.

ఆ ఏడు మాత్రం మా ఊరి తాపీమేస్త్రి ఒకాయన గుంటూరులో పనిచేస్తూ పరంజా మీంచి పడ్డాడు. నడుములో రాడ్లు వెయ్యాలన్నారు. ఆయన మా సంఘం మనిషి కాదు, రామాలయం పక్క వీధిలో ఉంటాడు. కానీ ఊళ్ళో సగం ఇళ్ళ గోడలు ఆయన లేపినవే, చర్చి ప్రహరీ కూడా. సంఘపెద్దలు కూర్చుని ఈసారి పాట డబ్బంతా మేస్త్రికే అని తేల్చారు. ఒకాయన "మరి మైకుసెట్టు..." అని నసిగితే అయ్యగారమ్మ అటు ఒక చూపు చూసింది. అంతే, మైకుసెట్టు మాట మళ్ళీ రాలేదు.

పాట పాడించింది మా బాబాయ్. ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు. కిక్కిరిసిన పల్లెవెలుగులో ఆఖరి సీటు దాకా టికెట్ టికెట్ అని వినిపించిన గొంతు అది. ఆయనుంటే మైకు దేనికి?

మొదట కోడిపెట్టని పెట్టారు. పాట 300 మీద ఉండగా కాళ్ళకి కట్టిన తాడు ఊడి, అది ఎగిరి ప్రహరీ మీద కూర్చుంది. బాబాయ్ ఆపితేనా! "పట్టుకున్నోడిది కాదు, పాడుకున్నోడిదే కోడి" అని గోడ మీదున్న కోడిని 450కి కొట్టేశాడు. తర్వాత మా పెద్దమ్మ అరిసెలు. వాటికి ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ అరిసెలు ఎంత గట్టివో ఊళ్ళో అందరి పళ్ళకీ తెలుసు. చివరికి మా పెదనాన్నే 200కి పాడుకుని, ఏ పళ్ళెంలో వచ్చాయో ఆ పళ్ళెంలోనే ఇంటికి మోసుకుపోయాడు.

అప్పుడు బల్లెక్కింది గుమ్మడికాయ. మామూలు కాయే, సంతలో అయితే వందకి మించదు.

మా ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములున్నారు, పేర్లెందుకు లెండి. గట్టు మీద వేపచెట్టు నాదంటే నాదని మొదలై మండలాఫీసు సర్వేయరు దాకా వెళ్ళింది వాళ్ళ తగాదా. చర్చిలో ఒకరు ముందు వరసలో కూర్చుంటే ఇంకొకరు గుమ్మం దగ్గర కూర్చుంటారు. తమ్ముడు 150 అన్నాడు. అన్న 200 అన్నాడు. అందులో విశేషం లేదు. తమ్ముడు మళ్ళీ 300 అనేసరికి అందరి తలలూ ఇటు తిరిగాయి. బాబాయ్‌కి ఇక ఎవరైనా చెప్పాలా?

"పెద్దాయన పాట 500. చిన్నాయనకి గుమ్మడికాయ పులుసు అరగదంట, పోనిద్దాం. ఒకటోసారి..."

"వెయ్యి!"

"చిన్నాయన వెయ్యి! ఏం పెద్దాయనా, మీ నాయన ఉన్న రోజుల్లో మీ ఇంటి గుమ్మడికాయ గడప దాటనిచ్చాడా?"

ఆ కాయ వాళ్ళింటిది కాదు. వాళ్ళ నాయనకీ ఆ కాయకీ ఏ సంబంధమూ లేదు. అయినా అన్న 1,500 అన్నాడు. 2,000. 2,700. వెనకాల పెద్ద డేగిశాల్లో అన్నం వారుస్తున్న ఆడవాళ్ళు గరిటెలతోనే వచ్చి నిలబడ్డారు. రామాలయం వీధి వాళ్ళు గోడ మీంచి తొంగిచూస్తున్నారు. తమ్ముడి భార్య పక్కావిడతో అంటున్నట్టే అంటూ, మొగుడికి వినబడేంత గట్టిగా "మిక్సీ బాగుచేయించమంటే పైసా లేదన్న మనిషి!" అంది. ఆ మాటతో ఆయన తగ్గుతాడనుకున్నాం. ఇంకో 500 పెంచాడు.

4,800 దగ్గర అన్న చెయ్యి దించేశాడు. మూడోసారి అని బాబాయ్ బల్ల గుద్దాడు. తమ్ముడు కాయని భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి, ఏమనుకున్నాడో వెనక్కొచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. "మళ్ళీ పాడించు మామా, మేస్త్రి లెక్కలోకే." పాడుకున్నది తిరిగిచ్చేయడం కోతపండగలో మామూలే. కానీ ఈసారి ఊరుకుంటే అన్న పరువేం కావాలి? రెండో పాట 2,400కి ఆయనే కొట్టాడు. కాయని మేస్త్రి ఇంటికి పంపించాడు. ఒక్క గుమ్మడికాయ మీద 7,200 వచ్చింది.

వాళ్ళిద్దరూ కలిసిపోయారా అని అడక్కండి. ఆ వేసవిలో సర్వేయరు మళ్ళీ వచ్చాడు.

మొత్తం మీద ఆ పూట 60 వేల పైచిలుకు లేచింది. ముందు వారం మా కుర్రాళ్ళు చందా పుస్తకం పట్టుకుని ఇదే మేస్త్రి కోసం ఇదే ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగారు. వచ్చింది 6,500. మనుషులూ వాళ్ళే, జేబులూ అవే. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఎవరైనా పరిశోధన చేసి కాదని తేల్చినా నేను ఒప్పుకోను.

ఎందుకిలా అంటే, చందా పుస్తకం గుమ్మంలోకి రాగానే మనిషికి ముందు గుర్తొచ్చేది తన కష్టాలే. కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు, పోయినేడాది ఇచ్చినదానికి రసీదు ఇవ్వని కమిటీ. పాటలో కూర్చున్నవాడికి ఎదురుగా కనిపించేది పక్కవాడు. ఇంకో సుఖం కూడా ఉంది. ఆ రోజు మేస్త్రి పేరు బాబాయ్ ఒక్కసారే ఎత్తాడు. ఆయన భార్యని తీసుకొచ్చి నిలబెట్టలేదు, ఏడిపించలేదు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ముక్కులో గొట్టాలున్న చంటిపిల్లల ఫోటోలు, వెనకాల ఏడుపు సంగీతం. ఎవరి బిడ్డో ఏమో, తల్లీతండ్రీ ఎంత గత్యంతరం లేక ఒప్పుకున్నారో. జాలిపడి 500 వేద్దామని నొక్కితే, మీరు అడక్కుండానే ఆ చందాల వెబ్‌సైటు కంపెనీకి టిప్పు కలిపేసి ఉంటుంది. తీసెయ్యాలంటే కళ్ళజోడు పెట్టుకుని వెతకాలి.

పేరు కోసం ఇస్తే అది దానమా అనేవాళ్ళుంటారు. గుప్తదానం గొప్పదే, ఒప్పుకుంటాను. ట్యూబ్‌లైటు మీద వెలుతురు రానంత పొడుగ్గా దాత పేరు, గోత్రం రాయించేవాళ్ళని చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ రాడ్లు అమ్మేవాడు డబ్బు ఏ మనసుతో వచ్చిందని అడగడు కదా.

పెద్ద ఎత్తున చూడాలంటే బాలాపూర్ ఉండనే ఉంది. 1994లో మొదటిసారి వినాయకుడి లడ్డు వేలం వేస్తే కొలను మోహన్ రెడ్డి 450 రూపాయలకి పాడుకున్నాడు. పొలంలో చల్లితే కలిసొచ్చిందని పేరొచ్చింది, పోటీ పెరిగింది. 2024లో 30 లక్షల 1,000, 2025లో 35 లక్షలు. 2020లో కరోనా వల్ల పాటే లేదు. ఆ డబ్బుతో ఊళ్ళో గుడి పనులూ, బడి పనులూ, రోడ్లూ చేసుకుంటూ వస్తున్నారు. బండ్లగూడ జాగీర్‌లో కీర్తి రిచ్‌మండ్ విల్లాస్ వాళ్ళయితే 2024లో కోటీ 87 లక్షలకీ, 2025లో 2 కోట్ల 30 లక్షల పైకీ తీసుకెళ్ళారు. అక్కడ విల్లాల వాళ్ళే జట్లుగా చేరి పాడతారు, డబ్బు వాళ్ళ ట్రస్టు ద్వారా సేవాపనులకి పోతుంది. నాకు లడ్డు మహిమ మీద నమ్మకం తక్కువ, వేలం మహిమ మీద మాత్రం పూర్తిగా ఉంది. ఒక్కటే కోపం: టీవీలవాళ్ళు లడ్డు ధర వారం రోజులు తిప్పితిప్పి చూపిస్తారు, ఆ డబ్బుతో ఏం చేశారో ఒక్క రోజు కూడా చూపించరు.

ఐస్ బకెట్ ఛాలెంజ్ అని నెత్తిన ఐసు నీళ్ళు గుమ్మరించుకోవడం కూడా డబ్బు తెచ్చింది, కాదనను. 2014 వేసవిలో అమెరికాలో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. కానీ నీళ్ళ ట్యాంకర్ కోసం క్యూ కట్టే ఊళ్ళో ఆ ఆట మనకెందుకు? హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి ఆ ఆగస్టులోనే దాన్ని బియ్యం బకెట్‌గా మార్చింది. ఒక బకెట్ బియ్యం దగ్గర్లో ఉన్న పేదవాళ్ళకిచ్చి, మిగతావాళ్ళని కూడా ఇమ్మని ఫోటో పెట్టడం. బుర్ర అంటే అదీ.

బియ్యం అంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది, ఆదివారం అది చర్చికి వెళ్ళేది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ చర్చి ఆడవాళ్ళు 1910 నుంచీ ఇదే పని చేస్తున్నారు, అక్కడ ఎన్నో సేవలు ఆ పిడికెళ్ళ మీదే నడుస్తాయి. వేలంపాటకి సాటి వచ్చే పద్ధతి నాకు తెలిసి అదొక్కటే. కాకపోతే అది ఏళ్ళ తరబడి నడవాల్సిన పని, మీకు కాలేజీ ఫీజు గడువు ముంచుకొస్తోంది.

కాబట్టి మీ అపార్ట్‌మెంట్‌లో ఒక ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో బల్ల వెయ్యండి. కొన్న వస్తువులు వద్దు, ఇంట్లోవే తెమ్మనండి. మూడో అంతస్తు ఆవిడ పెట్టిన ఆవకాయ జాడీ, రిటైరైన లెక్కల మాస్టారు పదో తరగతి పిల్లాడికి నెలరోజులు చెప్పే పాఠం, నీడపడే పార్కింగ్ చోటు ఒక నెల, అసోసియేషన్ ప్రెసిడెంటు చేత ఒకసారి కారు కడిగించుకునే హక్కు. ఈ ఆఖరిదానికి వచ్చే రేటు చూసి మీరే ఆశ్చర్యపోతారు. లక్కీ డిప్ టికెట్ల జోలికి మాత్రం పోకండి, రెండు రాష్ట్రాల్లోనూ లాటరీలు నిషేధం. ఆ అమ్మాయిని దయచేసి స్టేజి ఎక్కించకండి, "థాంక్యూ అంకుల్" అనిపించకండి. పాట పాడించడానికి కండక్టరో, కూరగాయల మార్కెట్లో పనిచేసినవాడో దొరుకుతాడేమో చూడండి, సాఫ్ట్‌వేర్ వాళ్ళకిస్తే స్లైడ్లు వేస్తారు.

డబ్బు మాత్రం అక్కడికక్కడే తీసుకోండి. ఊపులో పాడేసి ఇంటికెళ్ళాక లెక్కలు గుర్తొచ్చేవాళ్ళు ప్రతి పాటలోనూ ఉంటారు. మా కోతపండగలో ఒకాయన మేకపిల్లని 3,000కి పాడుకుని, "మిర్చి అమ్మాక ఇస్తా" అని తోలుకెళ్ళాడు. ఆ మేక రెండు ఈతలు ఈనింది, మిర్చి రెండు పంటలు అమ్ముడైంది, బాకీ మాత్రం ఇంకా సంఘం పుస్తకంలోనే ఉంది. మీరు ఫోన్‌పే మోగాకే ఆవకాయ జాడీ చేతికివ్వండి.