బర్రెకు కాల్షియం పోసే ముందు

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

మిర్యాలగూడ దగ్గర పెట్టిన డెయిరీ లెక్కలు పంపావు, చూశాను. కాల్షియం సీసాలకు అయిన ఖర్చు చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఇన్నేళ్లు పశువుల డాక్టరుగా తిరిగినవాడిగా చెబుతున్నాను, షాపువాడు ఇచ్చిందల్లా పోయకు. ముందు గాడిలో ఏం పడుతోందో చూడు.

కాల్షియం ఒక్కటే ఇస్తే సరిపోదురా. పశువు ఒంట్లోని కాల్షియంలో 99 శాతం, ఫాస్ఫరస్‌లో 80 శాతం పైగా ఎముకల్లో, పళ్లలో కలిసే ఉంటాయి. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీఅపటైట్. డెంటల్ చదువుతున్న మీ అక్కను అడుగు, దవడ ఎముకలో ఖాళీ నింపడానికి వాడే గుళికల్లోనూ ఇదే జాతి పదార్థం ఉంటుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ కాల్షియం ఫాస్ఫేట్‌తో ఎముకల సిమెంటే తయారుచేసింది. రెండూ కలిస్తేనే ఎముక.

ఇక నీ మేత సంగతి. వరిగడ్డిలో ఫాస్ఫరస్ చాలా తక్కువ. ఉన్న కొద్దిపాటి కాల్షియాన్ని కూడా గడ్డిలోని ఆక్సలేట్లు పట్టేస్తాయి. తవుడు దీనికి తిరగబడి ఉంటుంది, ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. మీ దగ్గర రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి పాలిచ్చే వాటికి తవుడు బాగానే పెడుతున్నావు. వాటికి కావలసింది కాల్షియం, మంచి మినరల్ మిక్స్చర్. ఇంకా ఈనని పడ్డలు మాత్రం వట్టి గడ్డి మీదే ఉన్నాయి. అవి గోడలు నాకుతున్నా, గుడ్డలూ ఎముకలూ నములుతున్నా, ఎదకు రాకపోయినా ఫాస్ఫరస్ లోపాన్ని అనుమానించు. డిసిపి, అంటే డైకాల్షియం ఫాస్ఫేట్, ముందు వాటికే కావాలి. ఈనిన కొద్ది వారాలకు బర్రె మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో వస్తే ఒక్క పూట కూడా ఆగకు. ఫాస్ఫరస్ పడిపోయి రక్తకణాలు చిట్లిపోతుండవచ్చు, డాక్టరును పిలువు.

అన్నిటికన్నా నాకు టెన్షన్‌గా ఉన్నది నీ చూడి బర్రెల గురించి. ఈనేముందు బలం రావాలని కాల్షియం పోస్తున్నావట. వెంటనే ఆపెయ్. చివరి మూడు వారాల్లో బయటి నుంచి కాల్షియం ధారాళంగా అందితే, ఎముకల్లోంచి దాన్ని తీసుకునే పని ఒళ్లు మానేస్తుంది. ఈనగానే జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోతుంది. అప్పుడు ఎముక నుంచి అది త్వరగా బయటికి రాదు, బర్రె కూలబడిపోతుంది. దీన్నే పాలజ్వరం అంటారు. ఇది ఎక్కువగా ఈనిన రెండు మూడు రోజుల్లోనే, అదీ మూడో ఈత దాటిన మంచి పాడి బర్రెకే వస్తుంది. ఒళ్లు కాలదు, చెవులు చల్లబడతాయి, మెడ పక్కకు తిప్పి పడుకుంటుంది. అప్పుడు నోట్లో ఏమీ పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒరగకుండా గడ్డిమూటలు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టు. నరానికి కాల్షియం ఎక్కించడం డాక్టరు పనే. తొందరగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది. నీ పనివాళ్లెవరినీ సూది ముట్టుకోనివ్వకు. ఈనిన రోజు నుంచి మాత్రం కాల్షియానికి లోటు రానివ్వకు, బర్రె పాలు లీటరుకు దాదాపు 2 గ్రాములు తీసుకుపోతాయి.

డిసిపి కొనేటప్పుడు సంచి మీద పశుదాణా గ్రేడు అనీ, దానికి భారత ప్రమాణం నంబరు ఐఎస్ 5470 అనీ ఉందో లేదో చూడు. డైహైడ్రేట్ (నీటి అణువులు కలిసిన) రకమైతే సుమారు 23 శాతం కాల్షియం, 18 శాతం ఫాస్ఫరస్ ఉండాలి. చెంచాడు పొడి మీద నిమ్మరసం పిండు, బుసబుస పొంగితే సున్నపురాయి పొడి బాగా కలిపినట్టే. మినరల్ మిక్స్చర్‌కు ఈ పరీక్ష పనికిరాదు, అందులో సున్నపురాయి మామూలుగానే ఉంటుంది.

ఎరువుల షాపులో చవకగా దొరికే సూపర్ ఫాస్ఫేట్ మాత్రం దాణాలో కలపకు. దాన్ని తయారుచేసే రాతి ఫాస్ఫేట్‌తో ఫ్లోరిన్ కూడా వస్తుంది, దాణా గ్రేడులో దాన్ని తీసేస్తారు, ఎరువులో తీయరు. నల్లగొండ నీళ్ల సంగతి నీకు చెప్పాలా? దానికి ఇదీ తోడైతే పళ్లు అరిగి, కీళ్లు పట్టేసి, పశువు మేత నమలలేక చిక్కిపోతుంది. బోరు నీళ్లు కూడా పరీక్ష చేయించు.

పాలిచ్చే వాటికి రోజుకు 100 గ్రాములు, పడ్డలకు 50 గ్రాములు మినరల్ మిక్స్చర్ దాణాలో కలిపి పెట్టు. డిసిపి విడిగా ఎంత వేయాలో నీ మేత లెక్క చూశాక చెబుతాను. చూడి బర్రెలు ఈనే తేదీలు, నీ దగ్గరున్న సంచుల లేబుళ్ల ఫోటోలు ఈ రాత్రికే పంపు.

మీ మామయ్య