విండోస్ పక్కనే ఉబుంటు

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. నా లాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 ఉన్నాయి. సీ డ్రైవ్ సగం పైగా ఖాళీగానే ఉంది. అయినా ఉబుంటు (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) కోసం ఆ డ్రైవ్‌ను ష్రింక్ చేయబోతే, అంటే సైజు తగ్గించబోతే, 18 జీబీకి మించి రావట్లేదు. మొత్తం ఫార్మాట్ చేయాల్సిందేనని ఒక షాపులో చెప్పారు. నిజమేనా?
– ఓ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అక్కర్లేదమ్మా. ష్రింక్ వాల్యూమ్ డ్రైవ్‌ను చివరి నుంచి తగ్గించుకుంటూ వస్తుంది. దారిలో కదపడానికి వీల్లేని ఫైలు తగిలితే అక్కడే ఆగిపోతుంది. సాధారణంగా అడ్డుపడేవి హైబర్నేషన్ ఫైలు (ఆపినప్పటి స్థితిని దాచేది), పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు వాడేది), రిస్టోర్ పాయింట్లు (విండోస్‌ను పాత స్థితికి తెచ్చేవి).

వాటి జోలికి వెళ్లేముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉన్న 48 అంకెల బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇది మాత్రం మానొద్దు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) మార్పులు చేశాక విండోస్ ఆ కీ అడిగితే, అది లేకుండా సీ డ్రైవ్ తెరుచుకోదు. తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ తాళమే) ఆఫ్ చేసి, పూర్తయ్యేదాకా చార్జర్ తీయకుండా ఉంచండి.

ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ కొట్టండి. హైబర్నేషన్ ఫైలుతో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, ఉబుంటు నుంచి సీ డ్రైవ్‌లోకి ఏమీ రాయలేరు. పేజ్ ఫైలును, రిస్టోర్ పాయింట్లు తయారుచేసే సిస్టమ్ ప్రొటెక్షన్‌ను తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ష్రింక్ చేయండి. సైజు ఎంబీల్లో అడుగుతుంది కాబట్టి 100 జీబీకి 102400 అని ఇవ్వండి. వచ్చిన ఖాళీని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేసి, ఆపినవి రెండూ మళ్లీ ఆన్ చేసుకోండి.

ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడకపోతే బయోస్‌లో స్టోరేజ్ మోడ్ (డిస్కును నడిపే పద్ధతి) ఇంటెల్ ఆర్‌ఎస్‌టీలో ఉందేమో చూడండి. ఉంటే ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ బ్లూ స్క్రీన్ చూపిస్తుంది. ముందు విండోస్ బూట్ సెట్టింగ్స్ ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లాక టిక్ తీసేయండి. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి.

ప్రశ్న: రెండూ ఎక్కించాను. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. మదర్‌బోర్డు బ్యాటరీ మార్చాలా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బ్యాటరీ బాగానే ఉంది. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు గ్రీనిచ్ టైమ్ రాస్తే, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటోంది. ఉబుంటు టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ ఇవ్వండి. ఆ తర్వాత స్టేటస్ చూస్తే వేసవి, శీతాకాలాల టైమ్ మార్పులతో ఇబ్బంది వస్తుందని హెచ్చరిక కనిపిస్తుంది. మన దేశంలో ఆ మార్పు లేదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.