ఎన్జీవోలో యాప్ డిజైన్ పని: అనుభవం కింద లెక్కకొస్తుందా?

ప్రశ్న: మాది హిందూపురం, కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్స్ అయ్యాక బెంగళూరులో యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడటానికి సులువుగా ఉండేలా తీర్చిదిద్దడం) కోర్సు చేసింది. ఇప్పుడు మారతహళ్లిలో పీజీలో ఉంటోంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి ఏడు నెలలైంది, జాయినింగ్ తేదీ మాత్రం ఇవ్వలేదు. ఈలోగా పేద పిల్లలకు ఉచితంగా ఉద్యోగాలు చూపించే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు తమ వెబ్‌సైటు, మొబైల్ యాప్ కొత్తగా డిజైన్ చేసిపెట్టమంటున్నారు. ఆరు నెలలు, నెలకు 18,000. అమ్మాయికి ఇష్టమే. రేపు కంపెనీలు ఎన్జీవో పనిని అనుభవంగా చూస్తాయా? అసలు ఉన్నదానికి రంగులు మార్చడానికి ఆరు నెలలెందుకు?

జవాబు: నమస్కారమండీ. ముందు మీ రెండో ప్రశ్నకు చెబుతాను. అది తేలితే మొదటిది సులువవుతుంది.

పోయినేడాది కదిరి నుంచి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ఇంటర్ పాసయ్యాడు, బెంగళూరు పీణ్యలో ఏదైనా ఫ్యాక్టరీలో పని కావాలన్నాడు. అతని ఫోన్‌లో ఒక ఉద్యోగాల యాప్ ఎక్కించి, "నువ్వే నింపు, నేను చూస్తుంటా" అని పక్కన కూర్చున్నాను. మొదటి పేజీలోనే ఈమెయిల్ అడిగింది. అతనికున్న జీమెయిల్ ఫోన్ కొన్న రోజు షాపతను పెట్టిచ్చింది, పాస్‌వర్డ్ తెలియదు. ఎలాగో అది దాటించాం. తర్వాత రెజ్యూమె పీడీఎఫ్ అడిగింది. అతని దగ్గరున్నది మార్కుల మెమో ఫోటో, అదీ వాళ్లక్క వాట్సాప్‌లో పంపింది. ఫోటో పెడితే తీసుకోలేదు. ఆ తర్వాత 'కెరీర్ ఆబ్జెక్టివ్' అని ఒక పెద్ద ఖాళీ గడి వచ్చింది. అబ్బాయి నా మొహం చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "సార్, ఏదైనా నంబర్ ఉంటే ఇవ్వండి, మాట్లాడి కనుక్కుంటా" అన్నాడు.

ఆ యాప్ రంగులు చాలా బాగున్నాయండీ. కానీ పని కావాల్సిన మనిషి గడప దగ్గరే ఆగిపోయాడు. ఎక్కడ ఆగుతున్నారు, ఎందుకు ఆగుతున్నారు అన్నది కనిపెట్టి దారి సరిచేయడమే మీ అమ్మాయి చేయబోయే పని. సరిగ్గా చేస్తే ఆరు నెలలు తక్కువే.

ఒక ఉద్యోగ ప్రకటననే తీసుకోండి. 'జీతం 15,000, లొకేషన్ బెంగళూరు' అని ఉంటుంది. ఆ 15,000 అంతా బేసిక్ అనుకుంటే పీఎఫ్ 12 శాతం కింద 1,800, ఈఎస్ఐ 0.75 శాతం కింద 113 పోతాయి. చేతికొచ్చేది 13,087. హాస్టల్, భోజనం కోతలు ఉంటే అవి వేరే. ఇక బెంగళూరు అంటే పీణ్యా, బొమ్మసంద్రా? ఒకటి ఊరికి ఆ చివర, ఇంకొకటి ఈ చివర. నెల తిరక్కుండానే పని మానేసి ఊరికొచ్చిన పిల్లల్ని అడిగాను. "చెప్పిన జీతం ఇవ్వలేదు సార్" అనే మాటే ఎక్కువసార్లు విన్నాను. కంపెనీ మోసం చేయని చోట కూడా అదే మాట. కాబట్టి చేతికొచ్చే జీతం, షిఫ్టు, ఉండే చోటు, దగ్గరి బస్టాపు, ఈ నాలుగూ నొక్కకుండానే కనిపించేలా పెడితే ఆ పిల్లాడు మోసపోయానని అనుకోడు. డిజైన్ అంటే ఇదేనండీ.

అమ్మాయికి నేరుగా కొన్ని మాటలు చెబుతాను. అమ్మా, మొదటి మూడు వారాలు డిజైన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ తెరవకు. ఆ సంస్థలో ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించే ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు ఉంటారు, వాళ్ల వెంట తిరుగు. వాళ్ల చేతిలో ఒక రిజిస్టరో, ఎక్సెల్ షీటో తప్పకుండా ఉంటుంది. ఈ సంస్థ అసలు నడుస్తున్నది ఆ కాగితం మీదే. అందులో ఏ గడులున్నాయో చూస్తే యాప్‌లో ఏముండాలో సగం తెలిసిపోతుంది. ఐదుగురితో పరీక్షించినా చాలావరకు లోపాలు బయటపడతాయని యూఎక్స్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. నువ్వు ఐదుగురు అభ్యర్థులు, ఐదుగురు ఆఫీసర్లు, వీలైతే ఇద్దరు ముగ్గురు హెచ్ఆర్ వాళ్లతో విడివిడిగా కూర్చో. ఈ మూడు రకాల వాళ్ల అవసరాలూ ఒకటి కావు.

అభ్యర్థులకు అసలు యాప్ కావాలా అని కూడా ధైర్యంగా అడుగు. రెండేళ్లకోసారి ఉద్యోగం వెతికే మనిషి, మెమరీ నిండిపోయిన ఫోన్‌లో ఆ యాప్‌ను దాచుకోడు. వాళ్లకు ఫోన్‌లో తేలిగ్గా తెరుచుకునే వెబ్‌సైటు, ఫోన్ నంబరుకే వచ్చే ఓటీపీ, ప్రతి పేజీలో కాల్ బటన్, కబురు వాట్సాప్‌లో రావడం చాలని నా అభిప్రాయం. యాప్ రోజూ వాడే ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు ఉపయోగం, అదీ సిగ్నల్ లేని ఊళ్లో కూడా పనిచేస్తేనే.

తెలుగు, కన్నడ పెట్టేటప్పుడు ఒక్కటి చూసుకో. ఇంగ్లిష్ కొలతతో గీసిన బటన్‌లో 'దరఖాస్తు' అని పెడితే కింద తవత్తు తెగిపోయి 'దరఖాసు' అయి కూర్చుంటుంది. కన్నడ ఒత్తులదీ ఇదే బాధ. అందుకే వరుసల మధ్య ఎడం పెంచాలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటుతో చవక ఫోన్‌లో పెట్టి చూడాలి. ఎండలో నిలబడి చదివేవాళ్లు ఉంటారు కాబట్టి లేత బూడిద రంగు అక్షరాలు వద్దు. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకు, వాటి వెనక రంగుకు మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగు తేడా) అడుగుతుంది. చూపులేని అభ్యర్థుల కోసం, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని నువ్వే ఒకసారి దరఖాస్తు నింపు.

ఆధార్ కాపీ అవసరం లేని దశలో అడగొద్దని సంస్థకు చెప్పు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి తీసుకునే ముందు ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. ఆ నోటీసును అభ్యర్థి తెలుగులోనో కన్నడలోనో చదువుకునే వీలు కూడా ఉండాలి. 18 నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. బెంగళూరులో డిజైన్ ఉద్యోగాలకు వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో (చేసిన పనుల నమూనాల్లో) ఊహించి చేసిన ఫుడ్ డెలివరీ యాప్‌లు కుప్పలుగా ఉంటాయి. ఇంటర్వ్యూలో అడిగేది "ఏం తప్పుంది, నీకెలా తెలిసింది, నువ్వు చేశాక ఏం మారింది" అని. నిజమైన మనుషుల కోసం పనిచేసిన వాళ్లే దీనికి తడబడకుండా జవాబు చెప్పగలరు. అయితే పని మొదలుపెట్టకముందే పాత లెక్క రాసిపెట్టుకోవాలి: నెలకు ఎంతమంది నమోదు మొదలుపెట్టారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమంది పనిలో చేరారు, మూడు నెలల తర్వాత ఎంతమంది మిగిలారు. ఇది లేకపోతే తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు. దాచకుండా ఒక మాట చెప్పాలి. కొందరు హెచ్ఆర్ వాళ్లు ఈ ఆరు నెలల్ని ఇంటర్న్‌షిప్‌గానే చూస్తారు. డిజైన్ టీమ్ వాళ్లు అలా చూడరు. ముందు ముందు మాస్టర్స్ చేయాలనిపిస్తే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష ఉంది, ఎన్ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష. అక్కడ కూడా ఇలాంటి పనే చూపించుకోవచ్చు.

ఒప్పుకునే ముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి ఉన్నాయి. హోదా, గడువు, డబ్బులు ఏ తేదీన వేస్తారు, అనుభవ పత్రం, పేర్లు తీసేసి పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి. కంపెనీ జాయినింగ్ తేదీ మధ్యలో వస్తే నెల నోటీసుతో వెళ్లే వీలు. అన్నిటికంటే ముఖ్యంగా కోడ్ ఎవరు రాస్తారో అడగాలి. డిజైను, కోడింగు, సర్వరు అన్నీ మీ అమ్మాయి ఒక్కతే చూసుకోవాలంటే వద్దనండి. ఆరు నెలలకు పని సగంలో ఆగుతుంది, చెడ్డపేరు తనకొస్తుంది. డెవలపర్ ఉన్నారు, ఆ తర్వాత నడిపే మనిషి కూడా సంస్థలో ఉన్నారంటే చేర్పించండి.

ఇంకో పని మీ వల్లే అవుతుంది. ఆ సంస్థ యాప్ ఇప్పుడున్నది ఉన్నట్టు మీ కొట్టులో పనిచేసే కుర్రాడి ఫోన్‌లో ఎక్కించి ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టమనండి. మీరు సాయం చేయొద్దు. ఏ పేజీలో ఆగాడో, ఆగినప్పుడు ఏమన్నాడో ఒక చీటీ మీద రాసి అమ్మాయికి పంపండి.